మోకాలి గుజ్జు మరల మొలచునా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



పల్లెటూరి పనిపాటలన్నియు మోకాళ్ళ బలముపై సాగునవి. బురదలో నాట్లు వేయు స్త్రీ, గుంట మగ్గమున కూర్చుండు నేతగాడు, తాడిచెట్టు ఎక్కు గీతగాడు, తెల్లవారకముందే వాకిట ముగ్గు పెట్టు ఇల్లాలు, వీరందరి పనియు మోకాలి కీలు సరిగా ముడుచుకొని సరిగా చాచుకొనుటపై ఆధారపడి యున్నది. ఆ కీలు మొరాయించినచో మనిషి యొక్కడే కాదు, ఇల్లంతయు కుంటుపడును. అందుచేతనే "గుజ్జు అరిగిపోయినది" అను మాట రచ్చబండల వద్ద తరచుగా వినబడుచుండును. ఇటీవలి సంవత్సరములలో దానికి తోడుగా మరియొక మాట బయలుదేరినది: "పట్టణమున సూది వేయుదురట, గుజ్జు మరల మొలచునట." ఈ మాటను నమ్మి పుస్తెలతాడు తాకట్టు పెట్టువారును, పెండ్లికి దాచిన సొమ్ము తీయువారును కలరు. ఇందు నిజమెంత, ఆశ యెంత, వర్తకమెంత అను విచారణయే ఈ ప్రసంగమునకు విషయము.

మొదట గుజ్జు అనగా నేమో తెలియవలెను. మోకాలియందు తొడ యెముకయు, ముంగాలి యెముకయు, మోకాటి చిప్పయు కలిసికొనును. ఈ ఎముకల కొనలపై లేత కొబ్బరివలె తెల్లగా, నున్నగా నుండు పూత యొకటి కలదు. శాస్త్రజ్ఞులు దీనిని మృదులాస్థి యందురు. జనులు గుజ్జు అనినను ఇది గుజ్జువలె జారునది కాదు. గట్టిగా సాగుడు గుణము కలిగి, ఎముకకు అతుకుకొని యుండును. దీని దళసరి చాలచోట్ల 2 మొదలు 4 మిల్లీమీటర్లు మాత్రమే. ఇందు ముప్పాతిక వంతు వరకు నీరే. ఆ నీటిని పట్టియుంచుటకు వలవంటి మాంసకృత్తు పోగులును, నీటిని పీల్చుకొను పెద్ద అణువులును కలవు. వీటిని తయారుచేయు జీవకణములు మొత్తము పరిమాణములో సుమారు నూటికి రెండు పాళ్ళే. కీలులోని జిగురు ద్రవముతో తడిసియున్నపుడు ఈ పూతలు మంచుగడ్డపై మంచుగడ్డ జారుటకంటెను తేలికగా ఒకదానిపై నొకటి జారును. వీటికి నడుమ అర్ధచంద్రాకారపు మెత్తలు రెండు వేరుగా కలవు. వాటి గాయములును, వాటి చికిత్సయు వేరు.

చర్మము తెగినచో మానును, ఎముక విరిగినచో అతుకును. మృదులాస్థి మాత్రము ఏల మానదు? కారణము సులభముగా గ్రహింపదగినదే. దానికి రక్తనాళములు లేవు. గాయము మానుటకు కావలసిన సరుకు నంతయు మోసికొనివచ్చునది రక్తము. రక్తము రానిచోటికి మరమ్మతు పనివారు రారు. మృదులాస్థి కాలువ లేని చేను వంటిది; ఊటనీటిపైననే బ్రదుకును. కాలు కదలినపుడెల్ల నొక్కబడి, విడువబడి, చుట్టునున్న కీలుద్రవమునుండి తనకు కావలసిన ఆహారమును పీల్చుకొనును. దానికి నరములును లేవు. అందుచేత తొలి దినములలో అది చెడుచున్నను నొప్పి తెలియదు. నొప్పి తెలియునాటికి క్రింది ఎముకయు, కీలు పొరయు బాధపడుచుండును. లండను నగరమున శరీరశాస్త్రము బోధించిన విలియం హంటరు 1743లో రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసమున, ఒకమారు నాశనమైన మృదులాస్థి తిరిగి రాదని పూర్వులనుండి వచ్చుచున్న అభిప్రాయమును ప్రకటించెను. తరువాత రెండు శతాబ్దములకు పైగా ఆ మాట చెక్కుచెదరలేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన భేదమును గుర్తింపవలెను. మోకాలి మృదులాస్థి చెడుట రెండు విధములు. మొదటిది గుంట. ఆటలో పడినవానికో, వాహనముపైనుండి జారినవానికో మంచి పూత నడుమ ఒకచోట మాత్రము పెచ్చు లేచిపోవును. చుట్టునున్న భాగము ఆరోగ్యముగానే యుండును. ఇది ఎక్కువగా వయసులో నున్నవారియందు కనబడును. రెండవది అరుగుదల. వయసు, అధిక భారము, పాత గాయములు, వంశలక్షణము మొదలగు కారణములచేత కీలంతయు క్రమముగా పలుచబడి, ఎముక అంచులు పెరిగి, కాలు దొడ్డికాలుగా వంగును. మన గ్రామములలో పెద్దలను బాధించునది చాలవరకు ఈ రెండవదే. వీటికి తోడు, కీళ్ళవాపు జబ్బు వేరు. నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసికొనిపోవుట వేరు. ఈ ఫ్లోరైడు వ్యాధిని మన దేశమున మొదట 1937లో నాటి నెల్లూరు జిల్లా గ్రామములలోనే గుర్తించిరి. నల్లగొండ ప్రాంతమున అది ఎందరినో వికలాంగులను చేసెను. అన్ని మోకాళ్ళ నొప్పులకును ఒకే సూది యనుట అన్ని తెగుళ్ళకును ఒకే మందు చల్లుట వంటిది.

గుంటను పూడ్చుటకు వైద్యులు తొలుత చేసిన ప్రయత్నము ఎముకకు రంధ్రములు వేయుట. ఇంగ్లండులోని బ్రిస్టలు నగర శస్త్రవైద్యుడు ప్రైడీ 1959లో ఈ పద్ధతిని ప్రకటించెను. మృదులాస్థి క్రింది ఎముకను తొలిచినచో మూలుగనుండి రక్తమును, దానితోపాటు కొన్ని మూలకణములును పైకి ఊరివచ్చి గుంటను నింపును. బోరు వేసి పాతాళపు నీటిని పైకి తెచ్చుట వంటి యుక్తి యిది. తరువాత 1980 దశాబ్దమున అమెరికాలో స్టెడ్‌మన్ అను వైద్యుడు సన్నని మొనగల సాధనముతో చిన్న చిన్న రంధ్రములు చేయు పద్ధతిని వ్యాప్తిలోనికి తెచ్చెను. ఖర్చు తక్కువ, పని సులభము. అయితే ఇట్లు మొలచునది అసలు మృదులాస్థి కాదు. మచ్చను పోలిన నారకణజాలము. దానికి అసలు పూతకున్న ఓర్పు లేదు. చిన్న గుంటలలో కొన్ని సంవత్సరములు మేలు చేసినను, కాలము గడచినకొలది అనేకులయందు ఆ మేలు తరిగిపోయెను.

రెండవ యుక్తి, భారము పడని చోటినుండి మృదులాస్థితో కూడిన చిన్న ఎముక మేకులను తీసి గుంటలో ప్రక్కప్రక్కన నాటుట. హంగేరీ దేశీయుడు హంగోడీ 1992లో దీనిని రోగులకు చేయ నారంభించెను. ఇందు నాటబడునది అసలు మృదులాస్థియే యగుట గొప్ప గుణము. కాని ఒకచోటి గుంట పూడ్చుటకు వేరొకచోట గుంట త్రవ్వక తప్పదు. కనుక పెద్ద గుంటలకు ఇది చాలదు.

మూడవ యుక్తిని రైతుకు వివరింపనక్కరలేదు. అది నారుమడి పద్ధతి. స్వీడను దేశమున గోథెన్‌బర్గు నగరములో పీటర్సన్, బ్రిట్‌బర్గ్, లిండాల్ మొదలగు వైద్యులు దీనిని రూపొందించిరి. రోగి మోకాలిలో భారము పడని అంచునుండి చిటికెడు మృదులాస్థిని తీసి, ప్రయోగశాలలో దాని కణములను విడదీసి, రెండు మూడు వారములు పెంచి, వాటి సంఖ్యను పెక్కు రెట్లు చేయుదురు. పిమ్మట మోకాలు తెరచి, గుంటను శుభ్రపరచి, ఎముకపై పొరనుండి తీసిన ముక్కను మూతగా కుట్టి, దాని క్రింద ఆ కణములను పోయుదురు. తొలి రోగికి 1987లో ఈ శస్త్రచికిత్స జరిగెను. 1994లో 23 మంది రోగుల ఫలితములను ప్రకటించినపుడు లోకము ఆశ్చర్యపడినది. తొడ యెముక కొనపై గుంట యున్న 16 మందిలో 14 మందికి రెండేండ్ల తరువాత మంచి గుణము కనబడెను. మోకాటి చిప్ప వెనుక గుంట యున్న ఏడుగురిలో మాత్రము ఇద్దరికే మేలు కలిగెను. చెడిన మృదులాస్థి తిరిగి రాదన్న పాతమాటకు తొలి గట్టి సమాధానము ఈ విధముగా లభించెను.

అయినను శాస్త్రము తొలి పంటను చూచి తృప్తిపడదు. ప్రక్క మడిలో వేరొక వంగడము వేసి పోల్చిచూచును. నార్వే దేశ వైద్యులు 80 మంది రోగులను చీట్లువేసినట్లు రెండు సమభాగములు చేసి, సగము మందికి కణముల నాటును, సగము మందికి ఎముక రంధ్రములను చేసిరి. రెండేండ్లకును, అయిదేండ్లకును చూడగా రెండు పక్షములకును చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. అయిదేండ్లలో రెండు పక్షములయందును తొమ్మిదేసి మందికి చికిత్స విఫలమయ్యెను. తరువాతి పద్ధతిలో కణములను పలుచని జీవపదార్థపు పొరపై నాటి, ఆ పొరనే గుంటలో అతికింప నారంభించిరి. 3 చదరపు సెంటీమీటర్లు, అంతకు మించిన గుంటలు గల 144 మందిపై జరిపి 2014లో ప్రకటించిన పరీక్షలో, రెండేండ్లకు ఈ పద్ధతి రంధ్రముల పద్ధతికంటె మేలైన ఫలితము నిచ్చెను. 2016 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము దానికి అనుమతి నిచ్చెను. 2017లో ఇంగ్లండు వైద్యప్రమాణ సంస్థ కణముల నాటును ఆమోదించుచు షరతులు విధించెను: గుంట 2 చదరపు సెంటీమీటర్లకు మించియుండవలెను; అంతకుముందు ఆ గుంటకు శస్త్రచికిత్స జరిగియుండరాదు; కీలుయందు అరుగుదల అత్యల్పముగా నుండవలెను. మన దేశమునందును రోగి సొంత కణములతో చేయు చికిత్సకు 2017లోనే ఔషధ నియంత్రణాధికారి అనుమతి లభించెను.

ఈ షరతులలో మూడవదానిని రెండుమారులు చదువవలెను. అరుగుదల ముదిరిన మోకాలు చౌడుపట్టిన చేను వంటిది. ఎంత మేలైన నారు తెచ్చి నాటినను అచ్చట నిలువదు. కీలులోని వాపు, వంకరకాలుపై పడు భారము, చుట్టు గట్టి అంచు లేకపోవుట, ఇవన్నియు కొత్త మొలకను చంపును. కావున ఇంతవరకు చెప్పిన మూడు యుక్తులును గుంటకే గాని అరుగుదలకు కావు. నాటు వేసిన తరువాతను అనేక వారములు కర్రల సాయముతో నడువవలెను, నెలల తరబడి క్రమమైన వ్యాయామము చేయవలెను, బరువైన పనికి తిరిగి పోవుటకు ఏడాది వరకు ఓపిక పట్టవలెను.

ఇక అరిగిన మోకాళ్ళకు చూపబడుచున్న ఆశ మూలకణములది. ఎముక మూలుగలో ఎముకను, మృదులాస్థిని పుట్టింపగల కణములు కలవని రష్యా శాస్త్రజ్ఞుడు ఫ్రీడెన్‌స్టీన్ తన సహచరులతో కలిసి 1960 దశాబ్దము మొదలుకొని ప్రయోగపూర్వకముగా నిరూపించెను. అమెరికాలో ఆర్నాల్డ్ కాప్లన్ 1991లో వీటికి మూలకణములను పేరు వ్యాప్తము చేసెను. విశేషమేమనగా, అదే కాప్లన్ 2017లో ఆ పేరు మార్చవలెనని వ్రాసెను. శరీరములో ఎక్కించిన ఈ కణములు తామే మృదులాస్థిగా మారుటకంటె, మందువంటి రసాయనములను విడిచి వాపును తగ్గించుటయే ఎక్కువ యని ఆయన అభిప్రాయము. పేరులో మూలము ఉన్నంత మాత్రాన మొలక వచ్చునని భావింపరాదు.

దక్షిణ కొరియా ప్రభుత్వము 2012లో బొడ్డుతాడు రక్తపు మూలకణములతో చేసిన మందునకు అనుమతి నిచ్చెను. అది సూదితో పొడుచునది కాదు, శస్త్రచికిత్సలో నాటునది. మన దేశమున 2022లో, దాతల మూలుగనుండి పెంచిన కణములతో బెంగుళూరులో తయారైన మందునకు, అరుగుదల నడిమి దశలలో నున్న మోకాళ్ళకై అనుమతి లభించెను. అట్టి అనుమతి పరీక్షింపబడిన ఆ యొక్క మందునకే చెల్లును; మూలకణములను పేరుతో ఎవరు ఏ సూది వేసినను చెల్లునది కాదు. అమెరికాలో సుమారు 475 మందిపై జరిపి 2023లో ప్రకటించిన పెద్ద పరీక్షలో, రోగి మూలుగ కణములను, రోగి క్రొవ్వు కణములను, బొడ్డుతాడు కణములను సామాన్యమైన స్టీరాయిడు సూదితో పోల్చిరి. ఏడాది గడచిన తరువాత నొప్పి తగ్గుటయందు ఏ కణమును స్టీరాయిడును మించలేదు. ఎం.ఆర్.ఐ. చిత్రములలోను గుజ్జు మొలచిన జాడ కనబడలేదు.

రోగి రక్తమునే తీసి, గిరగిర త్రిప్పి, అందలి రక్తఫలకికలను వేరుచేసి మోకాలిలో ఎక్కించు చికిత్స మరియొకటి. సొంత రక్తమే కదా యని జనులకు దీనిపై నమ్మకము ఎక్కువ. ఆస్ట్రేలియాలో 288 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమునకు రక్తఫలకికలను, ఒక భాగమునకు వట్టి ఉప్పునీటిని ఎక్కించి, ఎవరికేది యిచ్చిరో రోగులకు తెలియనీయక ఏడాది గమనించిరి. 2021లో ఫలితము వెలువడినది. ఉభయులకును నొప్పి కొంత తగ్గెను. కాని వారి నడుమ గణింపదగిన తేడా లేదు. మృదులాస్థి తరుగుటయందును తేడా లేదు. సూది తరువాత నొప్పి తగ్గినదని రోగి చెప్పుట అబద్ధము కాదు. అది గుజ్జు మొలచుట వలననే యని చెప్పుట మాత్రము నిజము కాదు. "రోగి కోరినదియు పాలే, వైద్యుడిచ్చినదియు పాలే" అను సామెత ఇట్టిచోట మందహాసమునకే గాని ధన వ్యయమునకు ప్రమాణము కారాదు.

మృదులాస్థి నిజముగా పెరిగిన పరీక్షయు లేకపోలేదు. స్ప్రిఫెర్మిన్ అను పెంపు మాంసకృత్తును 549 మందిపై పరీక్షించి 2019లో ప్రకటించిరి. ఎక్కువ మోతాదు పొందినవారికి రెండేండ్లలో పూత సగటున ఒక మిల్లీమీటరులో ఇరువదవ వంతు పెరిగెను. కాని వారి నొప్పి మాత్రము ఉత్త మందు పొందినవారికంటె తగ్గలేదు. దీనివలన తెలియునదేమి? నరములు లేని గుజ్జు కొంచెము పెరిగినంత మాత్రమున, ఎముకలోను, పొరలోను నున్న నొప్పి పోవలెనను నియమము లేదు. మరియొక ప్రక్క స్విట్జర్లాండులోని బాజెల్ నగర పరిశోధకులు ముక్కు నడిమి గోడనుండి మృదులాస్థి కణములను తీసి, పెంచి, ముక్కగా తయారుచేసి మోకాలి గుంటలో నాటిరి. 2016లో 10 మంది రోగుల ఫలితములు ప్రకటింపబడెను. మోకాలికిని బోడిగుండునకును ముడివేసినట్లున్నదని నవ్వవచ్చును. కాని ముక్కు కణములు వయసు మళ్ళినను బాగుగా పెరుగుననియు, మోకాలి వాతావరణమునకు అలవాటుపడుననియు అచ్చటి పరిశోధకులు చూపిరి. ఆశ యనునది ఇట్టి ఓపికగల కృషియందు కలదు.

మరి నేడు అరిగిన మోకాలితో నడచువారికి దారి యేది? దారి లేకపోలేదు, అది సూదివలె వేగమైనది కాదు, అంత ఖరీదైనదియు కాదు. బరువు అధికముగా గలవారు ఒక కిలో తగ్గినచో, నడకలో అడుగడుగునకు మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారము తగ్గునని అమెరికాలో 2005లో కొలిచి చూపిరి. 2013లో ప్రకటించిన మరియొక పరీక్షలో 454 మంది పెద్దవయసువారు పాల్గొనిరి. ఆహార నియమమును, వ్యాయామమును రెంటిని కలిపి పాటించినవారికి, 18 నెలలలో, ఒక్క వ్యాయామమే చేసినవారికంటె నొప్పి ఎక్కువ తగ్గెను. తొడ ముందు కండ మోకాలికి గుంజ వంటిది. కుర్చీపై కూర్చుండి కాలు చాచి నిలిపి దించు చిన్న వ్యాయామమైనను దినదినము చేసినచో ఆ గుంజ గట్టిపడును. నేలపై గొంతుక్కూర్చుండుట తగ్గించి, ఎత్తైన పీటపై పనిచేయుట, మరుగుదొడ్డిలో కూర్చుండు తొట్టి అమర్చుకొనుట, చేతికర్రను నొప్పి లేని ప్రక్క పట్టుకొనుట, ఇవన్నియు పేదవారికిని అందుబాటులో నున్న ఉపాయములు. కర్ర పట్టుట ముసలితనపు గుర్తని సిగ్గుపడువారు కలరు. భారము తగ్గించుకొనుట వివేకమే గాని సిగ్గు కాదు.

అరుగుదల పూర్తిగా ముదిరి, రాత్రి నిద్ర లేక, ఇంటి గడప దాటలేని స్థితి వచ్చినచో కృత్రిమ కీలు అమర్చు శస్త్రచికిత్స కలదు. ఇది గుజ్జును మొలిపింపదు. చెడిన ముఖములను తీసి లోహమును, ప్లాస్టిక్కును అమర్చును. అయినను నొప్పిని పోగొట్టుటయందు దీర్ఘకాలపు అనుభవము గల చికిత్స యిదియే. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము ఈ కృత్రిమ భాగముల ధరలకు పరిమితి విధించెను.

సూదిమందు వర్తకము విషయమున ప్రభుత్వ సంస్థలు మౌనముగా లేవు. భారత వైద్య పరిశోధనా మండలి 2017లో వెలువరించిన మార్గదర్శక సూత్రముల ప్రకారము, నిరూపింపబడని మూలకణ చికిత్స అనుమతి పొందిన పరీక్షలయందు తప్ప చేయరాదు. పరీక్షయందు చేరిన రోగినుండి చికిత్సకై రుసుము వసూలు చేయుటయు తగదు. కావున "ఇది పరిశోధన" అని చెప్పుచునే లక్షలు కోరువాని మాటలో రెండు ముఖములు కలవని తెలిసికొనవలెను.

మోకాలి కొరకు పట్టణమునకు పోవువారు వైద్యుని అడుగదగిన ప్రశ్నలు అయిదు. ఈ మోకాలిలో నున్నది గుంటయా, అరుగుదలయా? ఈ చికిత్సకు మన దేశమున అనుమతి కలదా, కలిగినచో ఏ దశలోని జబ్బునకు? దీనిని ఉప్పునీటి సూదితోనైనను, వేరొక చికిత్సతోనైనను పోల్చి చూచిరా? మేలు ఎంతకాలము నిలుచును, నిలువనిచో తరువాత చేయవలసినదేమి? మొత్తము ఖర్చు ఎంత, అది వ్రాతపూర్వకముగా నిత్తురా? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపగింపడు. ఓపికగా బదులు చెప్పును. కోపగించినవాని వద్ద సంతకము చేయక తిరిగివచ్చుట మేలు.

మోకాలి గుజ్జు మరల మొలచునా యన్న ప్రశ్నకు సమాధానమిది. యువకుని మోకాలిలోని చిన్న చేను బీడుపడినచో, తగిన చోట, తగిన చేతులలో, తిరిగి పచ్చబడు అవకాశము నేడు కలదు. కీలంతయు అరిగిన పెద్దల మోకాలిలో గుజ్జును మొలిపింతునని నిరూపించిన సూది నేటివరకు లేదు. రేపు రావచ్చును, వచ్చినపుడు దాని వార్త పరీక్షల ఫలితములతో వచ్చును గాని, కరపత్రముతో రాదు. ఈ గ్రంథాలయపు బల్లపై పత్రికలు చదువు ప్రతి చందాదారుడును ఈ భేదమును ఇరుగుపొరుగునకు చెప్పినచో, ఒక ఇంటి పుస్తెలతాడైనను తాకట్టునకు పోక నిలుచును. పై అయిదు ప్రశ్నలను గ్రంథాలయపు ప్రకటన పలకపై పెద్ద అక్షరములతో వ్రాసి యుంచుట, చదువు రానివారికి చదివి వినిపించుట, ఈ రజతోత్సవ సంవత్సరమున చేపట్టదగిన చిన్న సేవ.